మెత్తదా, గట్టిదా

మరిపెడ నైట్ అవుట్ బస్సుకు ఎదురుగా తన పేరు లేదు. మీరా సాహెబ్ కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని డ్యూటీ చార్టు మళ్లీ చదివాడు. డ్రైవర్ గడిలో సారంగపాణి పేరు ఎప్పటిలాగే ఉంది. కండక్టర్ గడిలో తన పేరు కొట్టేసి పైన ఇంకొకరి పేరు రాశారు. తనను సిటీ సర్వీసులో వేశారు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా, రేపటి నుంచి.

కిటికీ అవతల కంట్రోలర్ రాజేశ్వర్ రావు టిఫిన్ డబ్బాకు మూత పెడుతున్నాడు. డిపోలో ఎవరిని ఏ బస్సుకు పంపాలో రాసేది ఆయనే. మీరా సాహెబ్ అడగకముందే ఒక కాగితం తీసి, చదవడానికి వీలుగా ఇటు తిప్పి పెట్టాడు. అది సారంగపాణి చేతిరాత. పోయిన బుధవారం తెల్లవారుజామున తొర్రూరుకు ముందు కల్వర్టు దగ్గర బస్సు రోడ్డు దిగినందుకు రాసిచ్చిన సంజాయిషీ. కండక్టర్ నిద్రలో పళ్లు కొరుకుతాడని, ఆ చప్పుడుకు తనకు నెలల తరబడి నిద్ర లేదని, అందువల్లే ఆ రోజు కునుకు పట్టిందని అందులో ఉంది.

మీరా సాహెబ్ రెండుసార్లు చదివాడు. ఆ రోజు ముందు చక్రం మట్టిలో దిగబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక ముసలామె టమాటల గంప బోర్లా పడితే సీట్ల కింద దూరి ఏరిచ్చింది తనే. ఏమైందని జనం అడిగితే కుక్క అడ్డమొచ్చిందని చెప్పింది కూడా తనే. సారంగపాణి స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆరేండ్ల నుంచి ఒక్క బస్సుల పండుకుంటానం సార్. ఒక్కనాడు గుడ నాతోని అనలే."

"నాకు రాసిచ్చిండు సాబ్. నేనేం జెయ్యాలె? రేపు నిజంగనే బండి బోర్ల పడితే నన్నడుగుతరు. డాక్టర్‌కు చూపిచ్చుకో. తగ్గిందని కాగితం తే. మళ్ల నీ డ్యూటీ నీకే."

నైట్ అవుట్ బస్సు మధ్యాహ్నం మూడున్నరకు వరంగల్‌లో బయలుదేరి, మరిపెడ దాటి చివరి ఊళ్లో ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు బస్సులోనే పడుకుని తెల్లవారుజామున నాలుగూ నలభైకి తిరుగు ప్రయాణం కడతారు. ఎనిమిదిన్నరకు డిపోలో దిగితే మర్నాడు మధ్యాహ్నం దాకా మనిషి ఖాళీ. ఈ డ్యూటీ తీసేయమని మీరా సాహెబ్ ఏటా అడిగేవాడు. ఈ చలికాలం నుంచి అడగడం మానేశాడు. చలికాలంలో ఆయన భార్య ఇమాంబీకి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. రోజు విడిచి రోజు దవాఖానలో చేతికి కసరత్తు చేయిస్తారు. ఒంటిగంటకు ఆ గది మూస్తారు. ఆమెను ఆటో ఎక్కించడానికి, దించడానికి ఇంట్లో ఆయన తప్ప ఎవరూ లేరు. మొన్న శుక్రవారం ఆమె చేయి భుజం ఎత్తు లేచింది. ఇంకో రెండు నెలలు విడవకుండా తెస్తే తన తల తనే దువ్వుకుంటుందని కసరత్తు చేయించే అమ్మాయి చెప్పింది. విడిస్తే మొదటికి వస్తుందని కూడా చెప్పింది.

డిపో గేటు పక్క టీ బండి దగ్గరికి వెళ్లేసరికి సంగతి ఆయన కన్నా ముందు అక్కడికి చేరింది. నర్సంపేట బస్సు డ్రైవర్ ఒకడు గ్లాసు చేతికిస్తూ అడిగాడు: "రాత్రిపూట మిల్లు నడుపుతానవట గదా సాయిబన్నా. మా ఇంట్ల జొన్నలున్నయి, పిండి పట్టిస్తవా? డబ్బా తేనా?" నలుగురూ నవ్వారు. మీరా సాహెబ్ కూడా నవ్వాడు. నవ్వుతూ నాలుకతో పళ్లు తడుముకున్నాడు. ఎడమ పక్క ఒక పన్ను మిగతా వాటికన్నా పొట్టిగా తగిలింది. అది ఎప్పటి నుంచి అట్లా ఉందో తెలియదు.

సారంగపాణికి ఫోన్ చేశాడు. అడిగారు కాబట్టి చెప్పానని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని సారంగపాణి అన్నాడు. తొందరగా అన్నాడు. మీరా సాహెబ్‌కు కోపం రాలేదు. నిద్రలో ఏం చేస్తాడో మనిషికి ఎట్లా తెలుస్తుంది? పక్కన పడుకున్నవాడు చెబితేనే తెలిసేది. ఆ బస్సులో పక్కన పడుకునేది సారంగపాణి ఒక్కడే.

మంగళవారం సిటీ డ్యూటీ దిగి యూనిఫాం మీదనే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. హనుమకొండ చౌరస్తా పక్క సందులో, మేడ మీద చిన్న క్లినిక్. డాక్టర్ దీపకు ముప్పై ఐదేళ్లుంటాయి. కుర్చీ వెనక్కి వాల్చి, లైటు దగ్గరికి లాగి, చిన్న అద్దంతో ఒక్కో పన్నూ చూసింది. పొద్దున లేస్తే దవడ నొప్పి ఉంటుందా అని అడిగింది. లేదన్నాడు. కణతలు లాగుతాయా అంటే లేదన్నాడు. ఎడమ పక్క రెండు పళ్లు అరిగాయని, కుడి పక్క బాగానే ఉన్నాయని, రాత్రి కొరికేవాళ్లకు ఇట్లా ఒకే పక్క అరగడం తక్కువని చెప్పి ఆగింది.

"కొరుకుతారని ఎవరు చెప్పారు అంకుల్?"

"మా డ్రైవర్. పక్క సీట్ల పండుకుంటడు."

"ఇక్కడికొచ్చే వాళ్లందరూ అంతే. ఎవరూ తమ పళ్ల కోసం రారు. పక్కనోళ్లు పంపిస్తే వస్తారు."

ఆమె అల్మారా తెరిచి రెండు ప్లాస్టిక్ డబ్బీలు తెచ్చింది. రెండింటిలో పళ్ల వరుస మీద తొడిగే తొడుగులు ఉన్నాయి. ఒకటి మెత్తది. వేళ్ల మధ్య నొక్కితే రబ్బరులా వంగింది. ఇంకొకటి గట్టిది, గాజులా ఉంది. గోటితో కొడితే టక్కుమంది. మెత్తది రెండు రోజుల్లో వస్తుంది. అలవాటు కావడం తేలిక, కాని గట్టిగా కొరికేవాళ్లు కొన్నాళ్లకే నమిలేస్తారు. మెత్తగా ఉంటే కొందరు ఇంకా ఎక్కువ నములుతారు కూడా. గట్టిదానికి వారం పడుతుంది. నోట్లో సరిగ్గా కూర్చునేదాకా రెండుమూడు సార్లు రావాలి. పళ్లకు అదే మంచిది. మందుల షాపులో ఇంకో రకం దొరుకుతుంది, వేడినీళ్లలో ముంచి మనమే కొరికి ఆకారం తెచ్చుకోవాలి, దాని జోలికి పోవద్దని చెప్పింది.

మీరా సాహెబ్ రెండు డబ్బీలనూ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. గట్టిదాన్ని మళ్లీ గోటితో కొట్టాడు.

"దీనికి చప్పుడొస్తదా అమ్మా? కింది పండ్లు తగిలితే?"

"కొంచెం రావచ్చు. మీకు నిద్ర పాడయ్యేంత కాదు."

"నాకు కాదు. పక్కనోనికి."

డాక్టర్ ఆయన మొహం చూసింది. మెత్తదానికి చప్పుడు రాదని చెప్పింది. కాని ఎంచుకోవాల్సింది మీ పళ్లను బట్టి అంది. ఆయన ఫోన్ తీసి సారంగపాణికి కలిపాడు. రెండు రకాలున్నాయని, ఒకటి చప్పుడు చేయదని, ఏది తీసుకోమంటావని అడిగాడు. సారంగపాణి, నీ నోరు అన్నా, నీ ఇష్టం అన్నాడు. మీరా సాహెబ్ గట్టిదాన్ని డబ్బీలో పెట్టి, మూత నొక్కి, డాక్టర్‌కు తిరిగి ఇచ్చాడు.

ఆమె గులాబీ రంగు పిండి నీళ్లలో కలిపి, రేకులో నింపి, పై పళ్లకు ఒత్తి పట్టుకుంది. ముక్కుతో గాలి పీల్చమంది. చొంగ కారి చొక్కా గుండీ మీద పడింది. ఆయన కళ్లు మూసుకుని, ఆ పిండి గట్టిపడేదాకా, ఆ రోజు తప్పిపోయిన కసరత్తు గురించి ఆలోచించాడు.

గురువారం తొడుగు వచ్చింది. అప్పటికి ఇమాంబీ రెండుసార్లు దవాఖానకు పోలేదు. మంచం మీద కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని తనే లేపుకుంటోంది. రొమ్ము దాకా లేపి ఆపేసింది. మీరా సాహెబ్ తొడుగు నోట్లో పెట్టుకుని, ఎట్లుందని సైగ చేశాడు. ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టుందని ఆమె నవ్వింది. జబ్బు చేసినప్పటి నుంచి నవ్వితే మూతి ఒక పక్కకే పోతుంది.

నేను నిద్రలో పళ్లు కొరకంగ ఎప్పుడన్నా విన్నావా అని అడిగాడు. ముప్పై ఏండ్లలో గురక విన్నానని, కలవరింతల్లో టికెట్ టికెట్ అనడం విన్నానని, పళ్ల సంగతి తెలియదని ఆమె అంది. మీరా సాహెబ్ ఆ మాట లెక్కలోకి తీసుకోలేదు. ఆమె మందులు మింగి పడుకుంటుంది. ఏం వింటుంది?

రాజేశ్వర్ రావు శనివారం ఒక్క ట్రిప్పు మరిపెడకు వేశాడు. తగ్గిందో లేదో సారంగపాణే చెప్పాలన్నాడు. ఆ వారమంతా మీరా సాహెబ్ పొద్దున నాలుగింటికి లేచాడు. సిటీ బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఆడవాళ్లకు ఛార్జీ లేకపోయినా ప్రతి మనిషికీ మిషన్ నుంచి సున్నా టికెట్ తీసి ఇవ్వాలి. శనివారం చివరి ఊళ్లో బస్సు ఆగగానే, అన్నం తిని, తొడుగు పెట్టుకుని, ముగ్గురు కూర్చునే సీటు మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. ఎప్పటిలాగే ఒరగగానే మొద్దునిద్ర పట్టింది. మళ్లీ కళ్లు తెరిచేసరికి సారంగపాణి బోరింగు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. మీరా సాహెబ్ తువ్వాల అందించి, ఎట్లుందని అడిగాడు.

సారంగపాణి తువ్వాలలో మొహం పెట్టి చాలాసేపు తుడుచుకున్నాడు. "అట్లనే ఉంది అన్నా," అన్నాడు. "రొండింటికి లేపింది నన్ను."

తిరుగు ప్రయాణంలో మీరా సాహెబ్ కండక్టర్ సీట్లో కూర్చోలేదు. డ్రైవర్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సారంగపాణి తల కొంచెం వంగినప్పుడల్లా ఏదో ఒకటి మాట్లాడాడు. వడ్ల ధర గురించి, కల్వర్టు పక్క కొత్తగా పోసిన మట్టి గురించి మాట్లాడాడు. వరంగల్ చేరేసరికి ఆయన మోకాళ్లు వాచాయి.

సోమవారం డాక్టర్ దీప తొడుగును లైటు కిందికి తెచ్చి అటూ ఇటూ తిప్పింది. ఇది నిజంగా పెట్టుకున్నారా అని అడిగింది. నాలుగు రాత్రులూ పెట్టుకున్నానన్నాడు. కొరికేవాళ్లయితే ఇంత మెత్తదాని మీద నాలుగు రోజులకే గుంటలు పడతాయని, దీని మీద గీత కూడా లేదని ఆమె అంది. ఆయన జేబు వైపు చూసింది. జేబులో మిషన్ ఛార్జర్, మడతపెట్టిన కాగితాలు, పెన్ను ఉన్నాయి. పెన్ను మూత నమిలి ఉంది.

"బస్సులో పెన్ను ఎక్కడ పెట్టుకుంటారు?"

ఆయన ఆలోచించలేదు. ఎడమ చేతిలో మిషన్ ఉన్నట్టు, కుడి చేత్తో చిల్లర ఇస్తున్నట్టు పట్టి, పెన్నును ఎడమ పళ్ల మధ్య పెట్టుకున్నాడు. ప్రతి స్టేజీ దగ్గర ఎందరు ఎక్కారో కాగితం మీద రాయాలి. రాసి మళ్లీ నోట్లో పెట్టుకోవాలి. డాక్టర్ అద్దం చేతికిచ్చింది. అరిగిన రెండు పళ్ల మధ్య సందులో పెన్ను అడ్డంగా సరిగ్గా ఒదిగి ఉంది. ఆయన అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

అరగడం పగటి పనివల్ల అని, రాత్రి పళ్లు కొరుకుతున్న గుర్తులేవీ లేవని ఆమె కాగితం రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది. తొడుగు ఇక అక్కర్లేదని చెప్పింది. ఆయన మెట్ల మీద నిలబడి కాగితం మళ్లీ చదివాడు. రేపు దీన్ని కిటికీలో ఇస్తే చాలు. ఇచ్చే ముందు సారంగపాణికి ఒకసారి చూపించాలనిపించింది. చెప్పకుండా రాసివ్వడం ఎట్లుంటుందో తనకు ఇప్పుడు తెలుసు.

సారంగపాణి ఇల్లు కాశిబుగ్గలో. ఆయన ఇంట్లో లేడు. భార్య కళావతి వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. పట్టుకున్న దారం వదలకుండానే, కూసో అన్నా అని పీట వైపు తల ఊపింది. ఇమాంబీ చేయి ఎట్లుందని అడిగింది. మీరా సాహెబ్ చేతిలోని డబ్బీ చూసి, అదేమిటని అడిగింది. రాత్రి పళ్లు కొరక్కుండా పెట్టుకునేదని ఆయన చెప్పాడు. ఎవరికని చెప్పలేదు.

రాట్నం ఆగింది.

"గిసొంటిది గుడ దొరుకుతదా? అయితే మా ఆయనకొకటి ఇప్పియ్యి అన్నా, పుణ్యముంటది. ఆయన నూరుడుకు నేను ఎనిమిదేండ్ల సంది మగ్గం అర్రల పండుకుంటాన. ఆయన చప్పుడుకు ఆయనే లేసి కూసుంటడు. లేసి నన్నే తిట్టేది, నువ్వే కొరుకుతానవని. పోయినేడు మా బిడ్డ ఫోన్ల రికార్డు చేసి వినిపిచ్చింది. గప్పటిసంది నోరు మూసిండు."

"విన్నడా?"

"మొత్తం విన్నడు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. డ్రైవర్లకు డాక్టర్ పరీక్షలుంటయట గదా." ఆమె దారం ముడేసి, ఆయన మొహం చూసింది. "నేను చెప్పిన్నని అనకు అన్నా."

అననులే చెల్లె అన్నాడు. ఆమె ఇచ్చిన నీళ్లు తాగాడు. గ్లాసు పీట పక్కన పెట్టి, డబ్బీ జేబులో వేసుకుని లేచాడు. రోడ్డు మీదికి వచ్చాక గాని ఆయనకు కోపం రాలేదు. వచ్చాక ఇల్లు చేరేదాకా తగ్గలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కిటికీ దగ్గర సారంగపాణి కూడా ఉన్నాడు. బండి కాగితం మీద సంతకం పెడుతున్నాడు. మీరా సాహెబ్ డాక్టర్ కాగితం లోపలికి జరిపాడు. రాజేశ్వర్ రావు అది చదవలేదు. కింద ముద్ర చూశాడు.

"తగ్గినట్టేనా సాబ్?"

మీరా సాహెబ్ సారంగపాణి వైపు చూశాడు. సారంగపాణి సంతకం పూర్తి చేసి కూడా పెన్ను ఎత్తలేదు. నిజం చెబితే తరువాతి ప్రశ్న ఏమిటో ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. బస్సులో పడుకునేది ఇద్దరే. ఒకడు కాకపోతే రెండోవాడు. రెండోవాణ్ణి పరీక్షలకు పంపుతారు, స్టీరింగ్ మీది నుంచి దించి ఏ వాచ్‌మన్ గదిలోనో కూర్చోబెడతారు.

"తగ్గింది సార్," అన్నాడు.

రాజేశ్వర్ రావు సారంగపాణి వైపు చూశాడు. సారంగపాణి తల ఊపగానే చార్టు తీసి కొట్టివేతలు సరిచేశాడు. వెనక క్యూలో ఎవరో, మిల్లు బందు పెట్టినవా సాయిబన్నా అన్నారు. మీరా సాహెబ్ మిషన్, టికెట్ రోలు తీసుకుని బస్సు దగ్గరికి నడిచాడు.

మూడున్నరకు బస్సు నిండింది. సీట్లలో ముగ్గురి చోట నలుగురు కూర్చున్నారు. నడిమధ్య నిలబడ్డవాళ్ల మూటలు, సంచులు. సారంగపాణి ఇంజన్ స్టార్ట్ చేసి, కండక్టర్ రైట్ అంటాడని అద్దంలో చూస్తున్నాడు. మీరా సాహెబ్ బస్సు ఎక్కలేదు. ముందు నుంచి తిరిగి డ్రైవర్ కిటికీ కిందికి వచ్చి నిలబడ్డాడు.

"రేపు దిగినంక ఇమాంబీని దవాఖానల కూసోబెట్టి వస్త. నువ్వు క్లినిక్ కాడికి రా. పది గంటలకు."

"నేనెందుకన్నా?"

"బస్సుల ఇద్దరమే పండుకుంటం పాణీ. నేను కొరుకుతలేనని డాక్టర్ రాసిచ్చింది."

సారంగపాణి చేయి గేర్ రాడ్ మీదే ఉంది. లోపల పిల్లవాడెవరో ఏడుస్తున్నాడు. ఇద్దరన్నదమ్ములు ముచ్చట్లు తొర్రూర్ల పెట్టుకోరాదుండ్రి, ఉడికిపోతానమని ఒక ముసలామె కిటికీలోంచి అరిచింది.

"కాగితమెక్కితే నన్ను బండి దించుతరు," అన్నాడు సారంగపాణి, ముందు అద్దంలోకి చూస్తూ. "ఇంక ఆరేండ్ల సర్వీసున్నది."

"ఏ కాగితం ఎక్కదు. ఆ డాక్టరమ్మ డిపోకు రాయదు. అది నేను చూసుకుంట. నువ్వు రాకపోతే మాత్రం కిటికీ కాడికి మళ్ల పోత. నా పేరు కోసం కాదు. లోపల తొంభై మందిని ఎక్కించుకున్న. మొన్న కుక్క అడ్డమొచ్చిందని చెప్పిన. మళ్లొక్కసారి చెప్ప. నువ్వు వస్తనంటేనే రైట్ అంట."

వెనక నర్సంపేట బస్సు హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. సారంగపాణి భుజాలు కొంచెం కిందికి దిగాయి.

"వస్త," అన్నాడు. కిటికీ మీదికి వంగి గొంతు తగ్గించాడు. "ఆ చప్పుడు రానిది ఏదో అన్నవు గదా అన్నా. అదే తీస్కుంట. నీకు నిద్ర పట్టాలె గదా."

"నా నిద్ర సంగతి నీకెందుకు? మెత్తది నీకు పనికిరాదు, నమిలి పారేస్తవు. గట్టిది తీస్కో. నీ పండ్లకు అది మంచిది."

మీరా సాహెబ్ ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, మెట్టు మీద నిలబడ్డవాళ్లను లోపలికి జరగమని, తలుపు లాగాడు. బస్సు రేకు మీద రెండుసార్లు అరచేత్తో కొట్టి రైట్ అన్నాడు. బస్సు కదిలింది. ఆయన మూటల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ, మొదటి సీటు నుంచి, ఎక్కడికమ్మా అని అడగడం మొదలుపెట్టాడు.